పన్నెండు బెజ్జాలు

“కారే డబ్బా సెయ్యమంటావా సారూ?” నబీ సాబ్ సుత్తి పక్కన పెట్టాడు. “నా అంగడికొచ్చి, నన్ను, కారే డబ్బా అడుగుతాండావా?”

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో నలభై ఏళ్ళుగా ఆయనది రేకు పని. నూనె డబ్బాలు, గరాటులు, పాల క్యాన్లు, జిన్నింగు మిల్లులకు గొట్టాలు. ఆయన టంకం పెట్టిన అతుకు చెమ్మగిల్లిందని తిట్టుకుంటూ వెనక్కి వచ్చినవాడు ఊళ్ళో లేడు. చేసిన ప్రతి డబ్బా అడుగునా తేదీ గీకుతాడు. చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఎప్పుడైనా కారితే ఏ రోజు చేయి తప్పిందో తెలియాలని ఆ గీకుడు. అట్లాంటి మనిషి ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు హయగ్రీవ. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. పన్నెండు డబ్బాలు కావాలట, ప్రతిదాని అడుగునా ఒక బెజ్జంతో.

“కారాలప్పా. కారితేనే నాకు డాక్టరేటు.”

“కారే డబ్బాలతో యా రోగం నయం సేస్తావు సారూ?”

లోపల కూర్చున్న రుక్సానా ఫక్కున నవ్వింది. నబీ సాబ్ కూతురు. ఇరవై ఏడేళ్ళు. ఇంటర్లో లెక్కలకు నూటికి తొంభై ఆరు తెచ్చుకుంది. డిగ్రీలో చేరాల్సిన ఏడాది టంకానికి వాడే యాసిడ్ తండ్రి కుడి చేతి మీద ఒలికింది. ఆ చెయ్యి మానేదాకా అని అంగట్లో కూర్చుంది. చెయ్యి మానింది. ఆమె మాత్రం లేవలేదు. లేవనివ్వలేదు ఎవరూ. అంగడి ఒకసారి మనిషిని కూర్చోబెట్టుకుంటే అంతే.

హయగ్రీవ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. సైకిలు చక్రం లాంటిది ఒకటి, ఏటవాలుగా పడుకోబెట్టి. అంచు చుట్టూ డబ్బాలు. పైనుంచి ఒకే సన్నటి ధార. పై డబ్బా నిండితే బరువుకు చక్రం తిరుగుతుంది. నిండిన డబ్బా కారుతూ కిందికి పోతుంది, ఖాళీది పైకొస్తుంది. కొంతసేపు అట్లే తిరుగుతుంది. ఉన్నట్టుండి ఆగి ఎదురు తిరుగుతుంది.

“ఎప్పుడు ఏ పక్కకు తిరుగుతాదో దేవునికి కూడా చెప్పనీకి కాదు,” అన్నాడు.

“దేవుణ్ణి ఈడికి లాగొద్దు సారూ. డబ్బాల సంగతి సెప్పు.”

“పన్నెండు బెజ్జాలూ ఒకటే కొలత ఉండాల. ఈ పొద్దు కాదు, రేపు కాదు, ఏడాదైనా అదే కొలత. వెంట్రుకంత తేడా వచ్చినా నా ఐదేండ్ల చదువు గుంతలో పడ్తాది. ఆ బెజ్జాలు నీ పూచీ, నబీ సాబ్.”

“నా పూచీ,” అని నబీ సాబ్ ఆయన చేతిలో చెయ్యేశాడు. మాట ఇచ్చాడు. ఆ మాటను నిలబెట్టుకున్నాడు కూడా. కొంప మునిగింది అక్కడే.

కాలేజీలో వారానికి రెండు రోజులే నీళ్ళు. అంగడి వెనక బోరు ఉంది. కాబట్టి చక్రం అంగడి వెనక రేకుల షెడ్డులోనే తిరగాలి. తిరిగేదాన్ని చూసి రాయడానికి ఒక మనిషి కావాలి. హయగ్రీవ రుక్సానా వైపు తిరిగాడు.

“ఏమ్మా, లెక్కల పిల్ల అంట కదా నువ్వు. మా ల్యాబులో అసిస్టెంటు పోస్టు ఖాళీ పడింది. నాకు డాక్టరేటు వచ్చిందంటే డిపార్టుమెంటు నాది. నేను చెప్పినోళ్ళకే ఆ పోస్టు. ఏడాది రాసిపెట్టు. ఆ కుర్చీ నీది.”

రుక్సానా ఆ రాత్రి ఆ కుర్చీ గురించి ఆలోచించిందని చెప్పడం అబద్ధం. ఆ క్షణంలోనే అందులో కూర్చుంది. టంకం పొగ లేని గది, గాజు బీరువాలు, తాళం చెవులు తన చేతిలో. అదీ ఆమెకు కావాల్సింది. ఇంకేమీ అక్కర్లేదు.

*

చక్రానికి సైకిళ్ళకు పెట్టే స్పీడు మీటరు బిగించారు. ప్రతి ఊపుకూ వేగం పెరిగి, ఒక అంకె దాకా పోయి, తగ్గుతుంది. ఆ పై అంకెను రాయాలి. ఏ పక్కకు తిరుగుతోందో రాయాలి. ఎడమ 31. ఎడమ 33. ఎడమ 36. కుడి 22. రోజుకు వెయ్యి ఊపులు, ఐదు పేజీలు. ప్రతి పేజీ నెత్తిన ఎర్ర పెన్నుతో తేదీ. అది ఎవరూ చెప్పలేదు. డబ్బా అడుగున తండ్రి గీకినట్టే ఆమె పేజీ నెత్తిన రాసింది.

శుక్రవారం అంగడికి సెలవు, చక్రానికీ సెలవు. ఆ రోజు రుక్సానా ఇంట్లో బట్టలుతుక్కునేది. శనివారం మళ్ళీ మొదలు.

మూడు నెలలకు హయగ్రీవ పుస్తకాలు తిరగేసి లెక్కేశాడు. ఎడమ సగం, కుడి సగం. వెయ్యికి ఒకటో రెండో తేడా.

“చూసినావా? దీన్నే గణాంకం అంటారు. తర్వాత ఏ పక్కనో దానికే తెలీదు. మొత్తం మీద వాటాలు మాత్రం గీత గీసినట్టు ఖాయం. నీ బతుకూ అంతే అనుకో. ఓపిక పట్టితే మంచి చెడ్డా సమానమైతాయి.”

“ముప్పై నాలుగో పేజీ సూడండి సారూ,” అంది రుక్సానా. “ఇరవై మూడు సార్లు వరసగా ఎడమకే పోయింది. ఆ ఇరవై మూడూ ఎవరి నెత్తిన పడినాయో వాళ్ళకు మీరు సెప్పే సమానం ఏం ఉపయోగం?”

హయగ్రీవ నవ్వేశాడు. సగటు మీద బతికేవాళ్ళకు ఇట్లాంటి ప్రశ్నలు నవ్వుగానే వినిపిస్తాయి.

ఆమె మాత్రం చక్రాన్ని వదల్లేదు. చేతితో అదే చోట పట్టుకుని, అదే ధార కింద, రెండు సార్లు వదిలి చూసింది. ఆరు ఊపులు అచ్చం ఒకటే. ఏడోదానికి ఒక అంకె తేడా. పదకొండోదానికి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. తన వేలు ఎక్కడో గోరంత జరిగి ఉంటుంది. ఆ గోరంత పదకొండు ఊపుల్లో చక్రాన్నే మింగేసింది.

ఇంతలో ఒక మధ్యాహ్నం గ్రాఫు కాగితం తెచ్చుకుని, ఈ ఊపు అంకెను అడ్డంగా, దాని తర్వాతి ఊపు అంకెను నిలువుగా పెట్టి చుక్కలు వేసింది. చిందరవందరగా పడతాయనుకుంది. పడలేదు. ఎడమ నుంచి ఎక్కుతూ పోయి, ఒక మొన దగ్గర ఆగి, అవతలికి జారాయి. గీత గీసినట్టు. అంటే తర్వాతి ఊపు ఏదో ఈ ఊపు అంకె చెప్పేస్తోంది. మొన దాటితే చక్రం ఎదురు తిరుగుతుంది. ఒకటి చెప్పచ్చు, రెండు చెప్పచ్చు, ఐదు దాకా ఎట్లో చెప్పచ్చు. పదోది ఎవడి అబ్బ తరమూ కాదు.

“గరాటు బోర్లించినట్టుంది,” అన్నాడు నబీ సాబ్ ఆమె భుజం మీదుగా చూసి.

ఆదివారం వచ్చిన హయగ్రీవ ఆ కాగితాన్ని చూసి కొన్ని చుక్కలను పుస్తకంతో సరిచూశాడు.

“ఇది నీకు ఎవరు చెప్పినారు?”

“చక్రమే సెప్పింది సారూ.”

ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తిరిగి ఇవ్వలేదు.

*

పదకొండు నెలలయ్యాయి. రెండు లక్షల ఎనభై వేల ఊపులు. మొత్తం చుక్కలు కంప్యూటరుకు ఎక్కించి చూస్తే గరాటు గీత సన్నగా లేదు. బొటనవేలంత లావుగా వచ్చింది. హయగ్రీవ మిఠాయి పొట్లం పట్టుకుని అంగడికి వచ్చాడు.

“నబీ సాబ్, రేకు మందం లేనిది అనుకో. పొడుగూ వెడల్పూ అంతే, దాని కొలత రెండు. ఎత్తు కూడా ఉండే ఇటుక దిమ్మె కొలత మూడు. ఈ చక్రం దారి ఒక ఆకారం మీదనే తిరుగుతాది, దాన్ని వదిలి పోదు, వేసిన అడుగులో మళ్ళీ అడుగు వెయ్యదు. ఆ ఆకారం రేకూ కాదు, దిమ్మే కాదు.”

“సాగగొట్టి మడిసి, మళ్ళా సాగగొట్టి మడిసిన రేకు,” అన్నాడు నబీ సాబ్. “పొరల్లో పొరలు.”

“అబ్బా! అదే! పుస్తకాల్లో దాని కొలత రెండూ పాయింటు సున్నా ఆరు. మనది రెండూ పాయింటు నాలుగు! ఇది లోకంలో ఎవరూ చూడని ఆకారమప్పా. మా నాయన ఆరేండ్లుగా అన్నం ముందర కూర్చున్నప్పుడల్లా ‘పంతులూ, డాక్టరైతివా’ అని ఎగతాళి చేస్తాండె. ఇంక నోరు మూస్తాడు.”

తండ్రీ ఆయనా మిఠాయి తింటుంటే రుక్సానా తన ముక్క పక్కన పెట్టింది. తన మొదటి కాగితం మీద గీత వెంట్రుకలా ఉంది. ఒక్క రోజు చుక్కలవి. లావు ఎక్కణ్ణుంచి వచ్చింది?

మరుసటి రోజు నుంచి ఆరు రంగుల పెన్సిళ్ళు పెట్టుకుంది. శనివారం చుక్కలు ఎరుపు, ఆదివారం పచ్చ, అట్లా గురువారం దాకా. నాలుగు వారాలవి వేసేసరికి లావు విడిపోయింది. ఒకదానిలో ఒకటి దూర్చిన ఆరు గరాటులు. ప్రతిదీ సన్నంగా, శుభ్రంగా. శనివారానిది అన్నిటికంటే బయట. రోజురోజుకూ లోపలికి జారి గురువారానికి అడుగుకు చేరుతోంది. శనివారం మళ్ళీ ఎగిరి బయటికి.

శుక్రవారం ఏదో జరుగుతోంది.

“అబ్బా,” అంది తండ్రితో, “శుక్రవారం చక్రాన్ని నువ్వేమన్నా సేస్తావా?”

నబీ సాబ్ ముఖం వెలిగింది. ఇన్నాళ్ళకు అడిగే మనిషి దొరికాడు ఆయనకు.

“సేయకుంటే ఎట్ల బేటీ? ఈ బోరు నీళ్ళు సున్నం నీళ్ళు. వారం తిరిగేతలికి బెజ్జాల చుట్టూ గార పడతాది. నమాజు నుంచి వచ్చి, ఉక్కు సూది పెట్టి పన్నెండూ గీకి, నున్నగా తిప్పి, శుభ్రం సేస్తా. ఒక్క శుక్రవారం తప్పలేదు. నా పూచీ అని సారుకు మాటిచ్చింటి కదా.”

పదకొండు నెలలు. నలభై ఏడు శుక్రవారాలు. వారమంతా గార బెజ్జాన్ని మూస్తుంది, శుక్రవారం సూది తెరుస్తుంది. తెరిచిన ప్రతిసారీ కాస్త రేకును కూడా తింటుంది. లోకంలో ఎవరూ చూడని ఆకారం ఇదీ. ఒక ముసలాయన నిజాయితీ.

*

ఎమ్మిగనూరు బస్సులో ఆమె రంగుల కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. స్టాఫ్ రూములో హయగ్రీవ ఒక్కడే ఉన్నాడు. కాగితం చూశాడు. చదువుకున్నవాడు కాబట్టి సగం నిమిషంలో అర్థమైంది. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

“ఎవరికన్నా చూపించినావా?”

“లేదు సారూ. అయినా సెడిపోలేదు సారూ! తేదీలు ఉండాయి కదా. శనివారాలు ఒక పక్కకు, ఆదివారాలు ఒక పక్కకు తీస్తే...”

“తీస్తే ఏమొస్తాది? సన్న గీత. రెండూ పాయింటు సున్నా ఆరు. అరవై ఏండ్లుగా పుస్తకాల్లో ఉండేది. దానికి నాకు డాక్టరేటు ఎవడిస్తాడు? మూడుసార్లు గడువు పొడిగించినారు నాకు. ఇదే ఆఖరు.”

“నిజం అదే కదా సారూ.”

“నిజమా?” హయగ్రీవ గొంతు తగ్గించాడు. అరిచి ఉంటే బాగుండేది. “సరే, నిజమే రాస్తా. ‘రేకు పనివాడు నబీ సాబ్ చెప్పకుండా పరికరాన్ని పాడుచేసినాడు’ అని పేరుతో సహా అచ్చేయిస్తా. ఆదోనిలో ఆయన డబ్బా కొనేవాళ్ళు అందరూ చదవాల. నీకు అది కావాల్నా, ఆ కుర్చీ కావాల్నా?”

ఆ రంగుల కాగితాన్ని కూడా ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“తేదీలు నీ పేజీల మీద తప్ప యాడా లేవు. కంప్యూటరులో ఉండేది చుక్కలే, వాటి వరస నేను కలిపేస్తా. పేజీ నెత్తి కత్తిరించు. పేజీలు కలిపెయ్. తెచ్చియ్. ఆఖరికి అడిగేది కాగితాలే, నిన్ను కాదు.” తర్వాత మామూలు గొంతుతో అన్నాడు. “టీ తాగుతావామ్మా?”

ఆమె టీ తాగింది. అది ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చింది.

పద్నాలుగు వందల ముప్పై పేజీలు. పుస్తకాల కుట్లు విప్పింది. మామూలు కత్తెర్లకు ఇరవై కాగితాలు కలిపి తెగవు. తండ్రి రేకు కత్తెర తీసుకుంది. కరకరమని తెగాయి. ఎర్ర తేదీల పట్టీలు ఒక పక్క కుప్పగా పడ్డాయి. మిగిలిన పేజీలను పేకముక్కల్లా కలిపి మళ్ళీ కుట్టింది. ఒకటిన్నర రోజు పట్టింది.

పొద్దున కుంపటి అంటించబోతూ నబీ సాబ్ ఆ కుప్ప చూశాడు.

“ఇవి పనికొస్తాయా బేటీ?”

“లేదబ్బా.”

ఆయన గుప్పెళ్ళతో తీసి బొగ్గుల కింద పెట్టి ఊదాడు. సన్న కాగితం గదా, బాగా అంటుకుంది. టంకం కడ్డీ త్వరగా ఎర్రబడిందని సంబరపడ్డాడు.

*

థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన బయటి పరీక్షకురాలు పల్లవి. పత్తికొండ వైపు మనిషే, బెంగుళూరులో ప్రొఫెసరు. యాభై దాటాయి. ఆ రెండూ పాయింటు నాలుగు ఆమె గొంతులో ముల్లులా గుచ్చుకుంది. చక్రాన్ని కళ్ళతో చూడందే సంతకం పెట్టనంది. ఒక గురువారం పొద్దున హయగ్రీవ ఆమెను కారులో ఆదోని తీసుకొచ్చాడు. దారి పొడుగునా భోంచేద్దాం పదండి మేడమ్ అని బతిమాలుతూనే వచ్చాడట. ఆమె నేరుగా షెడ్డులోకి నడిచింది.

నబీ సాబ్ కొత్త లుంగీ కట్టుకుని ఉన్నాడు. ఆయన బతుకులో ఒక ప్రొఫెసరు తన పని చూడటానికి రావడం అదే మొదలు.

“ఎంత సక్కగా చేసినావు చాచా!” అంది పల్లవి చక్రాన్ని తిప్పుతూ. “పన్నెండూ ఒకే అచ్చు.”

“అచ్చు పోసేది ఎవరన్నా సేస్తారమ్మా. దాన్ని నిలబెట్టుకోవాల.” నబీ సాబ్ జేబులోంచి ఉక్కు సూది తీశాడు. హయగ్రీవ “నబీ సాబ్, టీ చెప్పి రా పో” అన్నాడు. నబీ సాబ్ వినలేదు. “వారం వారం దీంతో గార గీకేస్తా. ఒక్క శుక్రవారం తప్పలేదు తల్లీ. సారు డాక్టరైతాండాడంటే అందులో ఈ సూది కూడా ఉండాది.”

పల్లవి సూది చేతిలోకి తీసుకుంది. ఒక డబ్బా ఊడదీసి బెజ్జాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఇంకోటి చూసింది. అన్నీ అంచులు అరిగి, వెడల్పై ఉన్నాయి.

“వారమంతా మూసుకుంటా పోయి, శుక్రవారం తెరుచుకుంటాండె అన్నమాట,” అంది మెల్లగా. “ఇప్పుడు నాకు అర్థమైంది.” ఆమె ముఖంలో కోపం రాలేదు. సంతోషం వచ్చింది. “హయగ్రీవా, ఇది ఎంత గొప్ప సంగతో తెలుసునా? బెజ్జం కొద్దికొద్దిగా మారతాంటే ఆకారం ఎట్లా జరుగుతాదో, ఇంత పొడుగు లెక్క చేత్తో రాసినోళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. పాత థీసిస్ చించి పారెయ్. దీన్ని రాయి. నేనే సంతకం పెడతా. తేదీలు యాడ?”

షెడ్డులో ధార పడుతున్న చప్పుడు ఒక్కటే.

“తేదీలు లేవు మేడమ్,” అన్నాడు హయగ్రీవ. “ఈ పిల్ల రాసింది. ఇంటర్తో ఆగిపోయిన పిల్ల. ఎన్నిసార్లు చెప్పినా తేదీ వెయ్యలేదు.”

పల్లవి కుట్టిన కట్ట ఒకటి అందుకుని పేజీలు తిప్పింది. పై అంచులు వేలితో తడిమింది. తర్వాత చేతిలోని డబ్బాను బోర్లించింది. అడుగున, బెజ్జం పక్కనే, అంకెలు గీకి ఉన్నాయి. చేసిన రోజు, నెల, సంవత్సరం.

“నాయన డబ్బాకు తేదీ గీకుతాడు,” అంది పల్లవి, రుక్సానా కళ్ళలోకి చూస్తూ. “కూతురు రెండు లక్షల అంకెలు రాసి ఒక్క తేదీ వెయ్యలేదా? ఈ పేజీల నెత్తి మీద ఏముండె తల్లీ? భయపడద్దు. నాకు చెప్పు.”

చెప్పచ్చు. ఒక్క మాట. కానీ చెప్పి ఏం చూపిస్తుంది? బూడిద చూపిస్తుందా? ఇక్కడ నోరు తెరిస్తే తండ్రి పేరు అచ్చవుతుంది, కుర్చీ పోతుంది. నోరు మూసుకుంటే కుర్చీ అయినా మిగులుతుంది. ఆ క్షణంలో ఆమె లెక్క అది. లెక్కల్లో తొంభై ఆరు వచ్చిన పిల్ల వేసిన లెక్క.

“ఏమీ లేదు మేడమ్. నూనె మరకలుండె, కత్తిరించినా. తేదీలు నేనే రాయల్యా.”

“ఖాయమేనా?”

“రాయల్యా మేడమ్. నాకు తెల్దు, రాయాలని.”

పల్లవి కట్టను కింద పెట్టింది. అంతసేపూ ఉన్న సంతోషం దీపం ఆర్పినట్టు పోయింది. “తేదీ వెయ్యాలని తెలియనోళ్ళ చేత లెక్కలు రాయించినావా, హయగ్రీవా?” అంది. టీ తాగకుండా కారెక్కింది.

హయగ్రీవ వెనక్కి తిరిగి నబీ సాబ్ మీదికి వచ్చాడు. “ముసలోడా, నిన్నెవరు గీకమన్నారు? నీ సూది నా ఆరేండ్లు తినేసింది!”

“ఒకటే కొలత ఉండాలంటివి కదా సారూ,” అన్నాడు నబీ సాబ్. చేతిలో సూది అట్లే ఉంది. “నా పూచీ అంటివి కదా.”

*

యూనివర్సిటీ హయగ్రీవకు ఇంకో ఏడాది ఇచ్చింది. పడ్డవాడికి కింద పరుపు వేసే చేతులు ఎప్పుడూ ఉంటాయి, పడింది ఎవరన్నదే చూస్తాయి. బెంగుళూరు నుంచి ప్లాస్టిక్కు చక్రం తెప్పించాడు. దానికి అన్నీ సెన్సర్లే, మనిషి అక్కర్లేదు. రుక్సానా కాలేజీకి పోయి స్టాఫ్ రూము బయట గంటన్నర నిలబడింది.

“నేనేం చెయ్యాలమ్మా?” అన్నాడాయన బయటికి వచ్చి. “పరీక్షకురాలి రిపోర్టులో రాసేసింది. ‘లెక్కలు రాసిన వ్యక్తికి తేదీ వేయడం కూడా తెలియదు’ అని. ఆ కాగితం మేనేజ్‌మెంటు దగ్గర ఉండాది. దాన్ని పెట్టుకుని నిన్ను ల్యాబులో పెట్టమని ఎట్ల అడగాల?”

“రాసినా అని మీకు తెలుసు కదా సారూ.”

“నాకు తెలుసు. నువ్వే కదా లేదంటివి?” అన్నాడు. గంట మోగింది. క్లాసుకు పోయాడు.

ఆ వారంలోనే కత్తిరించిన పేజీల కట్టలన్నీ గోనెసంచిలో ఆటో మీద అంగడికి వచ్చాయి. పొట్లాలకు పనికొస్తాయని చెప్పి పంపాడట. నబీ సాబ్ సంచిలోంచి ఒక కట్ట తీశాడు. పై అంచు మీద బొటనవేలు నడిపించాడు.

“ఇది నా కత్తెర కోత.”

రుక్సానా అన్నం గిన్నె కడుగుతోంది.

“దీని మీద ఎర్రగా రాస్తాంటివే దినామూ. అవి యాడికి పోయినాయి?”

“నువ్వే కాలిస్తివి అబ్బా. కుంపట్లో.”

అనేసింది. ఆయన కట్టను తిరిగి సంచిలో పెట్టేశాడు. మర్నాటి నుంచి పని మీద కూర్చోలేదు. ఎవరైనా డబ్బా తెస్తే పక్క అంగడి చూపించేవాడు. సందులో కుర్రవాళ్ళు “బెజ్జాల సాబ్” అని పిలవడం మొదలుపెట్టారు. ఎవరు మోశారో ఆ కథను, బాగానే మోశారు.

పది రోజుల తర్వాత, పప్పు కట్టడానికని ఒక పేజీ చించబోయి రుక్సానా ఆగింది. ఆ పేజీలో రెండు వందల అంకెలున్నాయి. ఊరికే, చేతులు ఊరుకోక, వెనక వైపు గళ్ళు గీసి చుక్కలు వేసింది. సన్నటి గరాటు వచ్చింది. ఇంకో పేజీ తీసి వేసింది. అదీ గరాటే, కాస్త లోపలికి. ఇంకోటి, అన్నిటికంటే బయటికి.

ఆమె లేచి నిలబడింది. తేదీ పోయినా గరాటు పోలేదు. ప్రతి పేజీ తన బెజ్జం ఎంతుందో తనే చెబుతోంది. బయటి గరాటు వెడల్పు బెజ్జానిది, లోపలి గరాటు మూసుకున్న బెజ్జానిది. ఏ కొలతకు ఏ గరాటో ఒక్కసారి తెలిస్తే చాలు, పద్నాలుగు వందల పేజీలూ వాటంతట అవే వరసలో నిలబడతాయి. దానికి కావాల్సింది ఒకటే. నలభై ఏడు శుక్రవారాలు అరిగిన ఆ పన్నెండు బెజ్జాలు. ఇప్పుడున్నట్టే వాటిని కొలవాలి. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా మూస్తూ చక్రం తిప్పాలి. పల్లవి మేడమ్ బెంగుళూరులో ఏ కాలేజీయో తెలుసు. పోయి ముందర పెడితే? నేనే రాసినా, నేనే కోసినా, నేనే అతికినా అని చెబితే?

కొత్త పుస్తకం తీసింది. మొదటి పేజీ నెత్తిన ఎర్ర పెన్నుతో ఆ రోజు తేదీ వేసింది. స్కేలు పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తింది.

కుంపటి మండుతోంది. పది రోజుల తర్వాత నబీ సాబ్ పనిలో కూర్చున్నాడు. చక్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. డబ్బాలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతి బెజ్జం మీదా, సూది అరిగించిన అంచును కూడా మింగేసి, తళతళలాడుతూ టంకం చుక్క. తేదీ ఉన్న చోటు కూడా టంకం కింద పోయింది. ఆఖరిదాని మీద కడ్డీ తిప్పుతున్నాడు.

కూతుర్ని చూసి ఆయన ఆ డబ్బా బోరు కింద పట్టి నింపాడు. వెలుతురుకు ఎత్తి చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పెదవుల మీద పాత గర్వం.

“సూడు బేటీ. పన్నెండూ మూసేసినా. ఇంక యాడా కారదు.”

అడుగున ఒక్క చుక్క కూడా లేదు.